గర్భిణిగా వాడిన ఫిష్ ఆయిల్ క్యాప్సూల్స్: ఐదుకి రెండు స్టార్లు

కొన్నది మా వీధి మెడికల్ షాపులో, 60 క్యాప్సూల్స్ సీసా. కంపెనీ పేరు రాయడం లేదు, పక్కనున్న సీసాల వెనకా దాదాపు ఇవే అంకెలు కాబట్టి. ముందువైపు పెద్ద అక్షరాల్లో 1000 మిల్లీగ్రాములు. తిప్పి చూస్తే అది మొత్తం నూనె బరువు. చేప నూనెలో మనకు కావలసిన కొవ్వు ఒమేగా-3. అది ఇందులో ఈపీఏ, డీహెచ్‌ఏ అని రెండు రకాలు: 180, 120, కలిపి 300 మిల్లీగ్రాములు మాత్రమే.

ఈ లెక్క నాకెందుకంటే, నాకు చిన్నప్పటి నుంచీ ఆస్తమా, ఇప్పుడు ఏడో నెల. తండ్రికి ఉన్నదానికన్నా తల్లికి ఆస్తమా ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం ఎక్కువట. జన్యువులు ఇద్దరివీ వచ్చినా, బిడ్డ పెరిగేది తల్లి కడుపులో కదా! ఆమె ఒంట్లోని రోగనిరోధక సంకేతాలు బిడ్డ ఊపిరితిత్తుల మీద పుట్టకముందే పనిచేస్తాయేమోనని పరిశోధకులు చూస్తున్నారు. వాపు పుట్టించే ఆ సంకేతాల్లో కొన్ని మనం తినే కొవ్వుల నుంచే తయారవుతాయి. చేప నూనె వాటికి కాస్త కళ్లెం వేస్తుంది. డెన్మార్క్‌లో 736 మంది గర్భిణుల్లో సగం మందికి 24వ వారం నుంచి రోజూ 2.4 గ్రాముల ఒమేగా-3 ఇచ్చారు, మిగతావాళ్లకు ఆలివ్ నూనె. 2016లో వచ్చిన ఫలితం: ఆలివ్ నూనె వాళ్ల పిల్లల్లో 23.7 శాతం మందికి విడవని పిల్లికూతలు గానీ ఆస్తమా గానీ వచ్చాయి, చేప నూనె వాళ్ల పిల్లల్లో 16.9 శాతానికి. ఒంట్లో ముందే ఒమేగా-3 బాగా తక్కువున్న తల్లులకు లాభం ఇంకా ఎక్కువ.

ఆ మోతాదు కావాలంటే ఈ సీసాలోవి రోజుకు ఎనిమిది మింగాలి. వారానికే సీసా ఖాళీ. "ఎనిమిదీ వద్దు, పదీ వద్దు. ఒకటి వేసుకోండి, ఇన్‌హేలర్ మాత్రం ఒక్క పూట మానొద్దు," అన్నారు మా డాక్టరమ్మ. కడుపుతో ఉన్నప్పుడు ఆస్తమా అదుపులో లేకపోతే బిడ్డకూ రిస్కే అట.

ఇక వాడకం సంగతి. గుళిక చిక్కుడు గింజకన్నా లావు. పరగడుపున వేసుకుంటే మధ్యాహ్నం దాకా నీచు త్రేన్పులే, భోజనం మధ్యలో వేసుకుంటే నయం. మా అత్తగారైతే చేప, ఆయాసం అని వినగానే నాంపల్లి చేపమందు అనుకున్నారు. ఇందులో బతికున్న కొర్రమీను లేదత్తయ్యా అని చెప్పాక శాంతించి, ఆదివారం కవళ్ల పులుసు పెట్టారు. దానికైతే ఐదు స్టార్లు.

రెండు స్టార్లు ఇచ్చింది సీలు గట్టిగా ఉన్నందుకు, వెనక అంకెలు దాచకుండా వేసినందుకు. "బిడ్డకు ఆయాసం రాదమ్మా" అని కౌంటర్లో అబ్బాయి చెప్పినదానికి సున్నా. సీసా తెరిచాక వెనక్కి తీసుకోరు, లేబుల్ అక్కడే నిలబడి చదవండి.