ఎస్సార్ నగరా, కేపీహెచ్‌బీనా, కొండాపూరా: మొదటి ఉద్యోగానికి ఎక్కడ దిగితే మేలు?

మా పిన్ని కూతురికి ఈమధ్య హైదరాబాద్ రాయదుర్గంలో ఉద్యోగం వచ్చింది. ఊరు ఒంగోలు. చేతికొచ్చే జీతం ఇరవై ఆరు వేలు. "అక్కా, ఆఫీసు దగ్గర్లో కొండాపూర్‌లో హాస్టల్ చూసుకుంటే అయిపోదా?" అని ఫోన్ చేసింది. అయిపోదని తనకు అర్థం కావడానికి ఒక ఆదివారం, ఒక మంగళవారం రాత్రి ఖర్చయ్యాయి.

ఆదివారం పగటిపూట చూస్తే ఏ ఏరియా అయినా బాగానే ఉంటుంది. తనకు వారంలో రెండు రోజులు షిఫ్టు రాత్రి తొమ్మిదికి అయిపోతుంది. అందుకే మంగళవారం రాత్రి అదే వేళకు మళ్లీ బయల్దేరాం. అద్దె సంగతి తర్వాత. మెట్రోనో బస్సో దిగిన చోటు నుంచి హాస్టల్ గేటు దాకా నడక ఎలా ఉందో ముందు చూడాలి.

కొండాపూర్‌తో మొదలుపెట్టాం. మెయిన్ రోడ్డు మీద జనం, లైట్లు, బిర్యానీ హోటళ్లు. హాస్టల్ ఉన్నది లోపలికి రెండు మలుపులు తిరిగాక. ఒకవైపు అపార్ట్‌మెంట్ ప్రహరీ గోడ, ఇంకోవైపు రేకులు కట్టిన ఖాళీ ప్లాటు. ఐదు స్తంభాలుంటే రెండింటికే లైటు వెలుగుతోంది. పదకొండు నిమిషాల నడకలో మాకు ఎదురైంది నాలుగు కుక్కలు, ఒక ట్యాంకర్. ఇద్దరుండే గదికి మనిషికి తొమ్మిదిన్నర వేలు చెప్పారు. గది మాత్రం కొత్తది, ఏసీ ఉంది, లిఫ్టు ఉంది. మా చెల్లెలి కళ్లు అక్కడే ఆగిపోయాయి.

కొండాపూర్‌కు మెట్రో లేదు. దగ్గరి స్టేషన్లంటే హైటెక్ సిటీ, రాయదుర్గమే. సికింద్రాబాద్ నుంచి 10హెచ్, కోఠి నుంచి 127కే బస్సులు వస్తాయి గానీ, ఆఫీసులు వదిలే వేళ వాటిలో కాలు పెట్టే చోటుండదు. క్యాబ్ బుక్ చేస్తే, దూరం తక్కువని డ్రైవరే క్యాన్సిల్ చేస్తాడు. ఫ్లాట్ తీసుకునేవాళ్లు ఇంకో మాట కూడా అడగాలి: ఎండాకాలం ట్యాంకర్ డబ్బులు మెయింటెనెన్స్‌లో కలిసే ఉన్నాయా, విడిగా వసూలు చేస్తారా అని. ఆఫీసు క్యాబ్ గేటు దాకా దింపుతుందంటే కొండాపూర్‌కు నేనూ సరే అంటాను. మా చెల్లెలికి ఆ సౌకర్యం లేదు.

కేపీహెచ్‌బీ మీద నాకు పక్షపాతం ఉంది, నాలుగేళ్లు అక్కడే ఉన్నాను. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ కాబట్టి వరస ఇళ్లు, రోడ్లకు నంబర్లు, సందు చివర కూడా ఒక కిరాణా కొట్టు, ఒక కర్రీ పాయింట్. రాత్రి పదింటికి కూడా ఎవరో ఒకరు అరుగు మీద కూర్చుని ఉంటారు. ఆంధ్రా వైపు వెళ్లే ట్రావెల్స్ బస్సులు అక్కడే ఎక్కొచ్చు. పండక్కి ఒంగోలు పోవడానికి ఊరంతా దాటి వెళ్లే పని లేదు.

చిక్కల్లా ఆఫీసుకు వెళ్లడంలోనే. మ్యాప్‌లో హైటెక్ సిటీ పక్కనే కనిపిస్తుంది. మెట్రోలో వెళ్లాలంటే మాత్రం అమీర్‌పేట దాకా వెనక్కి పోయి, రైలు మారి, మళ్లీ ఇటే రావాలి. తలను చుట్టి ముక్కు పట్టుకున్నట్టు. 2022లో కైతలాపూర్ ఫ్లైఓవర్ వచ్చాక రోడ్డు మీద కాస్త తేలికైంది. జేఎన్‌టీయూ దగ్గర షేర్ ఆటోలూ దొరుకుతాయి. కానీ రాత్రి తొమ్మిది తర్వాత ముక్కూమొహం తెలియని ఐదుగురి మధ్య ఇరుక్కుని రావడం అందరివల్లా కాదు. బండి ఉన్నవాళ్లకు, ముగ్గురు కలిసి డబుల్ బెడ్‌రూమ్ తీసుకోగలిగినవాళ్లకు కేపీహెచ్‌బీయే నా ఓటు. ఆ ఇల్లు దొరకడానికి ముందు "ఓన్లీ ఫ్యామిలీస్" అని రాసిన టు-లెట్ బోర్డులు పది దాటాలి, అది వేరే కథ.

ఇక ఎస్సార్ నగర్. చూడగానే మా చెల్లెలు మొహం ముడుచుకుంది. ఇరుకు గదులు, బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు, ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులు. పెద్ద వానొస్తే మైత్రీవనం దగ్గర నీళ్లు నిలిచిపోతాయి. ఇవన్నీ నిజమే. కానీ మేం పక్కనే ఉన్న అమీర్‌పేట స్టేషన్ మెట్లు దిగేసరికి పావుతక్కువ పది. హాస్టల్ గేటు దాకా తొమ్మిది నిమిషాలు నడిచాం, ఎక్కడా చీకటి తగల్లేదు. జ్యూస్ కొట్లు, జిరాక్స్ షాపులు, బ్యాగులు తగిలించుకుని మనలాగే నడుస్తున్న ఆడపిల్లలు. రాయదుర్గానికి రైలు మారే పని లేదు, ఇరవై నిమిషాలు, కాస్త అటూ ఇటూ. ఇద్దరుండే గదికి తిండితో కలిపి ఏడు వేలు.

ఇక్కడ నా భయం వీధి గురించి కాదు, బిల్డింగ్ గురించి. మొదట చూసిన హాస్టల్లో ఐదంతస్తులకు ఒకటే మెట్లు, ఆ మెట్ల కింద కరెంటు మీటర్లు, వాటికి ఆనించి చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్లు. నిప్పంటుకుంటే దిగే దారే ఉండదు. అద్దె ఐదు వందలు తక్కువన్నా వద్దని బయటికొచ్చేశాం. కిటికీ గ్రిల్ తెరుచుకుంటుందా, రాత్రి గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఈ రెండూ అడిగాకే డబ్బులివ్వాలి. అడ్వాన్స్‌లో ఎంత కోస్తారో రసీదు మీద రాయించుకోవాలి. నా మొదటి హాస్టల్లో నెల నోటీసుకు ఐదు రోజులు తగ్గిందని అడ్వాన్స్ మొత్తం మింగేశారు.

తార్నాక, హబ్సిగూడ వైపు కూడా ఆలోచించాం. అటు నుంచీ రాయదుర్గానికి నేరుగా ఒకటే మెట్రో, నాగోల్‌లో బయల్దేరిన రైలు కాబట్టి సీటు దొరికే ఆశా ఉంటుంది. నెమ్మదైన కాలనీలు. అయితే రోజూ రానూపోనూ గంటన్నర పోతుంది.

ఖర్చులో ఇంకో తేడా ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్‌లో ఒంగోలు అడ్రస్ ఉన్న మా పిల్లకు జీరో టికెట్ కొట్టరు. కాబట్టి తన లెక్కలో మెట్రో చార్జీ కూడా అద్దెలో భాగమే. అది కలిపినా ఎస్సార్ నగరే తక్కువలో తేలింది.

చివరికి అక్కడే చేరింది, రెండు మెట్ల దారులున్న బిల్డింగ్‌లో, రెండో అంతస్తు. మొన్న ఫోన్ చేసింది. కింద టిఫిన్ బండి అతను రాత్రి పదకొండున్నర దాకా పెనం మీద గరిటె ఆడిస్తూనే ఉంటాడట, నిద్ర పట్టట్లేదట. "పోనీ కొండాపూర్ వెళ్తావా?" అన్నాను. "వద్దులే అక్కా, చెవుల్లో దూది పెట్టుకుంటా" అంది.