ఎన్-400 ఆన్‌లైన్‌లోనా, కాగితంపైనా? యూఎస్‌సీఐఎస్ ఖాతాపై సమీక్ష

అమెరికా పౌరసత్వానికి వేసే ఎన్-400 ఫారాన్ని, అక్కడి పౌరసత్వ, వలస వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి నింపొచ్చు, కాగితంపై నింపి పోస్టులోనూ పంపొచ్చు. ఆన్‌లైన్ ఫీజు 710 డాలర్లు, కాగితానికి 760. చాలామందికి ఆన్‌లైనే మేలు. 50 డాలర్లు మిగలడం అందులో చిన్న సంగతి. కాగితంపై సంతకం మర్చిపోతే కట్ట మొత్తం తిరిగొస్తుంది. ఆన్‌లైన్‌లో సంతకం లేకుండా ఫీజు కట్టే పేజీకే వెళ్లలేరు. అయితే ఈ సర్వీసు ఖాళీని పట్టుకుంటుంది గానీ తప్పును పట్టుకోదు. తేదీ, పేరు మీరెలా రాస్తే అలాగే తీసుకుంటుంది. మనవాళ్ల అప్లికేషన్లు ఎక్కువగా చిక్కుపడేది ఆ రెండింటి దగ్గరే.

ముందు మంచి చెప్పాలి. సగం నింపి వదిలేసినా చివరిసారి తెరిచిన రోజు నుంచి 30 రోజులు దాచి ఉంచుతుంది. ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచీ నింపాల్సిందే. పత్రాలను పీడీఎఫ్‌గా గానీ జేపీజీగా గానీ ఎక్కించొచ్చు. ఒక్కో ఫైలు 12 ఎంబీ దాటకూడదు, పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్ పనికిరాదు. ఫీజు కట్టగానే ఐఓఈతో మొదలయ్యే రసీదు నంబరు వస్తుంది. ఈ రసీదును భద్రంగా ఉంచండి, గ్రీన్‌కార్డు గడువు దాన్నిబట్టి 24 నెలలు పొడిగించినట్టే. వేలిముద్రల నోటీసు, ఇంటర్వ్యూ నోటీసు ఖాతాలోనే కనిపిస్తాయి కాబట్టి పోస్టు తప్పిపోయినా తెలుస్తుంది. ఎంత కాలం పడుతుందో చూపే అంచనాను మాత్రం నమ్ముకుని టికెట్లు కొనకండి, అది తరచూ మారుతుంది.

ఆన్‌లైన్ పనికిరాని వాళ్లూ ఉన్నారు. ఆదాయం తక్కువై 380 డాలర్ల రాయితీ ఫీజు గానీ పూర్తి మినహాయింపు గానీ అడిగేవాళ్లు కాగితంపైనే పంపాలి. 2025 అక్టోబరు 28 తర్వాత చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం ఆపేశారు. ఫీజు కట్టేవాళ్లు జీ-1450 ఫారం జతచేసి కార్డుతోనో, జీ-1650 ఫారం జతచేసి బ్యాంకు ఖాతా నుంచో కట్టాలి. పాత అలవాటు కొద్దీ చెక్కు జతచేస్తే కట్ట వెనక్కొస్తుంది.

ఇక తేదీలు. గ్రీన్‌కార్డు మీద ‘రెసిడెంట్ సిన్స్’ అని ఉన్న తేదీయే లెక్క, కార్డు ముద్రించిన తేదీ కాదు. అక్కణ్నుంచి ఐదేళ్లు, అమెరికా పౌరులైన భార్య లేదా భర్తతో మూడేళ్లుగా కలిసి ఉంటున్నవాళ్లకైతే మూడేళ్లు నిండాలి. దానికి 90 రోజుల ముందు నుంచి వేయొచ్చు. 90 రోజులంటే మూడు నెలలు కాదు. ఐదేళ్లు 2026 జూన్ 10న నిండేవాళ్లు మార్చి 12 నుంచి వేయాలి. మూడు నెలలని మార్చి 10న వేస్తే రెండు రోజుల తొందరకు అప్లికేషన్ తిరస్కరణ పాలవుతుంది, ఫీజు తిరిగి రాదు. యూఎస్‌సీఐఎస్ సైట్‌లోనే తేదీ లెక్కించే పేజీ ఉంది. అందులో వచ్చిన తేదీకి ఒక వారం కలుపుకుని వేస్తే నిశ్చింత.

ప్రయాణాల పట్టిక ఖాతా తెరవకముందే విడిగా రాసుకోవాలి. గత ఐదేళ్లలో 24 గంటలు, అంతకు మించి అమెరికా బయట ఉన్న ప్రతి ప్రయాణమూ అందులో రావాలి. పాస్‌పోర్టులోని ఇండియా ముద్రలు చూసి ఎక్కించడమే ఇక్కడ జరిగే పొరపాటు. అమెరికా నుంచి బయల్దేరేటప్పుడు ఇక్కడ ముద్ర వేయరు. 12న సాయంత్రం డల్లాస్‌లో ఎక్కితే శంషాబాద్ ముద్ర 14న పడుతుంది. రాయాల్సింది 12. తిరుగు ప్రయాణంలోనూ అంతే, శంషాబాద్‌లో ఎక్కిన తేదీ కాకుండా అమెరికాలో దిగిన తేదీ వేయాలి. విమాన టికెట్ల ఈమెయిళ్లు ముద్రల కంటే నమ్మకమైనవి. బయల్దేరిన రోజు, దిగిన రోజు రెండూ అమెరికాలో ఉన్నట్టే లెక్కిస్తారు. ఐదేళ్లలో మొత్తం 913 రోజులైనా ఇక్కడ ఉండాలి.

ఒకే ప్రయాణం ఆరు నెలలు దాటితే అమెరికాలో ఎడతెగకుండా సాగాల్సిన నివాసం తెగిపోయిందని యూఎస్‌సీఐఎస్ వాళ్లు అనుకుంటారు. తెగలేదని చూపించే భారం మనది. ఆ కాలానికి ఇంటి లీజు, పన్ను రిటర్నులు, ఇక్కడి ఉద్యోగం వదల్లేదని చెప్పే కాగితం, కుటుంబం ఇక్కడే ఉందన్న ఆధారం ఎక్కించాలి. ఏడాది లేదా అంతకు మించితే మామూలుగా తెగినట్టే. ఊళ్లో పొలం చూసుకోవడానికి వెళ్లే అమ్మానాన్నలు, ఎక్కువ కాలం బయట ఉన్నా తిరిగి రావడానికి ముందే తీసుకునే రీఎంట్రీ పర్మిట్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. ఆ పర్మిట్ గ్రీన్‌కార్డును కాపాడుతుంది, పౌరసత్వపు లెక్కను కాపాడదు.

పేర్ల విషయం మనకు ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, మొదటి పేరు దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. గ్రీన్‌కార్డులోనూ అలాగే ఉంటే ఫారంలో ‘కార్డు మీద ఉన్న పేరు’ దగ్గర ఉన్నదున్నట్టే రాయండి. సరిచేసుకోవాలనుకున్న పేరును పేరు మార్పు గడిలో అడగాలి. అలా అడిగితే కోర్టులో జరిగే పౌరసత్వ ప్రమాణం దాకా ఆగాల్సి రావచ్చు, కొన్ని ఊళ్లలో అది ఆలస్యం. పెళ్లితో మారిన ఇంటిపేరుకు మ్యారేజ్ సర్టిఫికెట్ చాలు. పాత సర్టిఫికెట్లలో ఇనీషియళ్లతో ఉన్న పేరు, పెళ్లికి ముందు ఇంటిపేరు అన్నీ ‘ఇతర పేర్లు’ కింద చేర్చండి. పుట్టిన తేదీ కూడా ఇప్పుడే చూసుకోవాలి. తప్పు తేదీకి ప్రమాణం చేసి సర్టిఫికెట్ తీసుకున్నాక దాన్ని మార్పించుకోవడం చాలా కష్టం.

అవును, కాదు ప్రశ్నల్లో తొందరపడొద్దు. చదువుకునే రోజుల్లో షాపులో ఏదో తీసి పట్టుబడిన కేసు కొట్టేసినా, రికార్డు చెరిపేసినా చెప్పాల్సిందే. కోర్టు ధ్రువీకరించిన తుది తీర్పు కాపీ జతచేయాలి. 26 ఏళ్లు నిండేలోపు గ్రీన్‌కార్డు వచ్చిన అబ్బాయిలు సెలెక్టివ్ సర్వీస్‌లో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలిచేందుకు ఉంచే జాబితాలో, నమోదై ఉండాలి. హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీద పెరిగిన పిల్లలు ఎక్కువగా ఇక్కడే మర్చిపోతారు.

2025 అక్టోబరు 20 నుంచి వేసిన అప్లికేషన్లకు కొత్త సివిక్స్ పరీక్ష, అంటే అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించిన ప్రశ్నలు. 128 ప్రశ్నల్లోంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. వయసు 50 దాటి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లున్నవాళ్లు, 55 దాటి 15 ఏళ్లున్నవాళ్లు ఇంగ్లిష్ పరీక్ష లేకుండా దుబాసీని తీసుకెళ్లి సివిక్స్‌ను తెలుగులోనే చెప్పొచ్చు. 65 దాటి 20 ఏళ్లున్నవాళ్లకు చదవాల్సినవి 20 ప్రశ్నలే, అడిగే 10లో 6 చెబితే చాలు. వయసు, ఏళ్లు అప్లికేషన్ వేసిన రోజుకి లెక్క. కాబట్టి 55 నిండడానికి రెండు నెలలే ఉంటే ఆగి వేయడం అమ్మకు ఎంతో మేలు. మొదటిసారి తప్పినా, తప్పిన భాగానికే 60 నుంచి 90 రోజుల్లో ఇంకోసారి పిలుస్తారు.

డబ్బు తీసుకుని ఫారం నింపిపెట్టేవాళ్లకు మీ ఖాతా పాస్‌వర్డ్ ఇవ్వకండి. లాయరైతే తన ఖాతా నుంచి, మీ తరఫు లాయరునని చెప్పే జీ-28 ఫారంతో మీ కేసుకు కలుస్తారు. లాయరు కాని మనిషి నింపితే తయారుచేసినవారి గడిలో వాళ్ల పేరు, సంతకం ఉండాలి. అందుకు ఒప్పుకోని మనిషి చేత నింపించుకోవద్దు. పాత కేసు, సుదీర్ఘ ప్రయాణం, విడాకులు లాంటివి లేనివాళ్లకు లాయరు అక్కర్లేదు.

ప్రమాణం రోజు గ్రీన్‌కార్డు తీసేసుకుని సర్టిఫికెట్ ఇస్తారు. హాలు దాటకముందే పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూసుకోండి. వాళ్ల అచ్చుతప్పయితే అక్కడే చెప్పాలి, ఇంటికొచ్చాక చూస్తే సర్టిఫికెట్ మార్చమని అడిగే ఎన్-565 ఫారంతో నెలలు పడుతుంది. రంగుల్లో స్కాన్ చేసి పెట్టుకోండి, అమెరికా పాస్‌పోర్టుకు అసలు సర్టిఫికెట్ పంపాలి. 18 ఏళ్లలోపు ఉండి, గ్రీన్‌కార్డుతో మీ దగ్గరే ఉంటున్న పిల్లలు ఆ రోజే పౌరులవుతారు, వాళ్లకు నేరుగా పాస్‌పోర్టుకు వేయొచ్చు. ఆ రోజు నుంచి ఇండియా పాస్‌పోర్టుతో ప్రయాణం చేయకూడదు. ఇండియా పాస్‌పోర్టు అప్పగించినట్టు ఇచ్చే సరెండర్ సర్టిఫికెట్ తీసుకుని, ఆ తర్వాతే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డుకు వేయాలి.