4ఎల్60ఈ గేర్‌బాక్స్: ఇంట్లో విప్పి కట్టుకోవాలా, కట్టింది కొనుక్కోవాలా?

పోయిన వేసవిలో, టెక్సాస్ ఎండలో, నా 2004 షెవర్లే సిల్వరాడో హైవే మీద మూడో గేరు వదిలేసింది. ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం ముందుకు లాగడం లేదు. గేజ్ పుల్ల తీసి చూస్తే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ నల్లబడిపోయి మాడు వాసన కొడుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో అయితే బండిని మేస్త్రీకి అప్పజెప్పి వచ్చేవాణ్ణి. ఇక్కడ విప్పి బిగించడానికి తీసుకునే కూలీయే గుండె గుభేల్‌మనిపిస్తుంది.

ఈ బండిలో ఉన్నది 4ఎల్60ఈ, నాలుగు గేర్ల ఆటోమేటిక్. 1982లో వచ్చిన 700ఆర్4 అనే గేర్‌బాక్స్‌నే తర్వాత ఎలక్ట్రానిక్ కంట్రోల్‌తో ఇలా మార్చారు. దీని జబ్బులు మెకానిక్‌లకు కంఠతా వచ్చు. మూడు, నాలుగు గేర్లు పోతే 3-4 క్లచ్ ప్లేట్లు కాలినట్టు. రెండు, నాలుగు, రివర్స్ కలిసి పోతే సన్ షెల్ (లోపలి గేరును పట్టి ఉంచే గిన్నెలాంటి రేకు) విరిగినట్టు. రోగం ముందే తెలుస్తుంది కాబట్టే ఈ బాక్స్‌ని ఇంట్లో విప్పే ధైర్యం చేశాను.

డబ్బు లెక్క మొదట చాలా తేలిగ్గా కనిపిస్తుంది. అరిగిన ప్లేట్లు, సీల్స్ మార్చే రీబిల్డ్ కిట్ కొన్ని వందల డాలర్లు, విప్పి మళ్లీ కట్టి అమ్మే రీమాన్యుఫ్యాక్చర్డ్ బాక్స్ రెండు మూడు వేలు. కానీ ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ వెల్డింగ్ చేసి మూసేసినది, ఇంట్లో విప్పలేం. అది ఎలాగూ కొనాలి. బాక్స్ నూనె లేకుండానే దాదాపు 70 కిలోలు, దించడానికి ట్రాన్స్‌మిషన్ జాక్ కావాలి. స్ప్రింగులు నొక్కే పనిముట్టు, సన్నటి సందులు కొలిచే డయల్ గేజ్ సరేసరి. బాక్స్‌లోని ఆయిల్ పంపు లోపల గీతలు పడి ఉంటే మరో ఖర్చు. ఇవన్నీ కలిపితే ఆ తేడాలో సగమే మిగిలింది. నాలుగు వారాంతాలు కూడా పోయాయి.

అసలు కష్టం బరువులో లేదు, సీల్స్‌లో ఉంది. క్లచ్ ప్లేట్లు కూర్చునే డ్రమ్‌లో, వాటిని నొక్కే పిస్టన్ దించేటప్పుడు రబ్బర్ సీల్ అంచు వెంట్రుకంత మడత పడినా పని చెడుతుంది. వ్యాజ్‌లీన్ రాసి, పల్చటి రేకుతో అంచు లోపలికి నొక్కుతూ, చుట్టూ తిప్పుతూ దించాలి. తర్వాత ఆయిల్ వెళ్లే రంధ్రంలో కంప్రెసర్ గాలి కొడితే క్లచ్ థప్‌మని పట్టుకోవాలి. నాకు మొదటిసారి స్స్‌మని గాలి కారింది. మళ్లీ విప్పాను, సీల్ మడత పడే ఉంది. ఆ పరీక్ష చేయకుండా బండికి ఎక్కించి ఉంటే కొత్త ప్లేట్లు కూడా కాలిపోయేవి.

కన్వర్టర్ కూడా అంతే. తిప్పుతూ తోస్తే మెట్టుమెట్టుగా లోపలికి జారుతుంది. చివరి మెట్టు దిగకుండా బోల్టులు బిగిస్తే పంపు పగులుతుంది. బాక్స్ ఇంజన్‌కి ఆనాక కన్వర్టర్‌కీ, ఇంజన్ వెనక దాన్ని బిగించే ఫ్లెక్స్‌ప్లేట్‌కీ మధ్య దాదాపు 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. కొన్న బాక్స్‌కైనా ఈ జాగ్రత్త తప్పదు.

కొన్నదానిలో మేలు ఏంటంటే, మిషన్ మీద పరీక్షించి పంపిస్తారు, చాలాచోట్ల మూడేళ్ల వారంటీ ఇస్తారు, ఒక వారాంతంలో బండి రోడ్డెక్కుతుంది. పాతది తిరిగిచ్చేదాకా కోర్ ఛార్జ్ పేరుతో కొంత డబ్బు పట్టి ఉంచుతారు. జంక్‌యార్డ్ బాక్స్ అన్నిటికన్నా చవక, కానీ అది ఏ రోగంతో అక్కడికి వచ్చిందో మనకు తెలియదు. ఈ మోడల్‌కి మాత్రం నేను వద్దంటాను.

ఏ దారిలో వెళ్లినా గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్‌ని మరవొద్దు. పాత ప్లేట్ల పొడి రేడియేటర్‌లోని కూలర్‌లో, పైపుల్లో పేరుకుపోయి ఉంటుంది. ఒక స్నేహితుడు అది కడగకుండా కొత్త బాక్స్ బిగించాడు. ఆరు నెలలకే మళ్లీ అదే మాడు వాసన.

ఇంట్లో ఇంకో బండి ఉండి, దుమ్ము పడని గరాజ్, తొందర లేని మనసు ఉంటే 4ఎల్60ఈ మీరే కట్టండి, నేనైతే మళ్లీ అదే చేస్తాను. ఉన్నది ఒక్క బండే, సోమవారం పొద్దున ఆఫీసుకి అదే దిక్కు అనుకుంటే మారుమాట లేకుండా కట్టింది కొనండి. తర్వాత వచ్చిన ఆరు గేర్ల 6ఎల్80 బాక్స్ అయితే నేనూ కొంటాను. దాని కంప్యూటర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది, మారిస్తే ఆ బండికి తగ్గట్టు ప్రోగ్రామ్ చేయాలి. మొదటిసారి చెయ్యి పెట్టడానికి అది తగిన బాక్స్ కాదు.