ఐహెచ్‌సీ ప్యానెల్: నాలుగు ప్రొటీన్ల పరీక్ష పనితీరుపై సమీక్ష

రొమ్ము క్యాన్సర్ రకం తేల్చడానికి బయాప్సీ ముక్కలో ఈఆర్, పీఆర్ (హార్మోన్లను అందుకునే ప్రొటీన్లు), హెర్-2 (గడ్డ పెరుగుదలను ఉసిగొల్పే ప్రొటీన్), కేఐ-67 (కణాలు ఎంత జోరుగా విభజన చెందుతున్నాయో చెప్పే ప్రొటీన్) ఉన్నాయో లేదో యాంటీబాడీలతో రంగు పట్టించి చూసే ఐహెచ్‌సీ పరీక్షకు తక్కువ ఖర్చులో సాటి వచ్చేది లేదు. అయితే ఫలితం చాలావరకు ల్యాబ్ గుమ్మం బయటే ఖాయమవుతుంది.

ముక్క తీసిన గంటలోపు 10% న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రవంలో) పడాలి, అందులో 6 నుంచి 72 గంటలు ఉండాలి. ఆలస్యమైతే ప్రొటీన్లు చెడిపోయి, ఉన్న ఈఆర్ కూడా లేనట్టు కనిపిస్తుంది. ఎముకకు పాకిన గడ్డను ఆమ్లంలో మెత్తబరిచినా ఇదే తంటా.

ఈఆర్ 1% కణాల్లో కనిపించినా పాజిటివే. 1-10% మధ్య ఉంటే 'లో పాజిటివ్' (తక్కువ పాజిటివ్) అని విడిగా రాయాలి. నెగటివ్ అన్నప్పుడు అదే స్లైడ్‌లోని మామూలు పాలనాళాలకు రంగు పట్టిందో లేదో చూడాలి. వాటికీ పట్టకపోతే తప్పు పరీక్షది, గడ్డది కాదు. గ్రేడ్ 1 (కణాలు మామూలు కణాలను బాగా పోలిన) గడ్డకు ఈఆర్ సున్నా వస్తే మళ్లీ చేయించాల్సిందే.

హెర్-2కు రంగు పట్టిన తీరును బట్టి 0 నుంచి 3+ దాకా మార్కు వేస్తారు. అందులో 3+ పాజిటివ్. 2+ వస్తే ఫిష్ టెస్ట్ (హెర్-2 జన్యువు ప్రతులను లెక్కించే పరీక్ష) తప్పదు. 0కీ 1+కీ తేడా ఒకప్పుడు ఎవరికీ పట్టేది కాదు, రెండూ నెగటివే. 2022లో హెర్-2ను గురిపెట్టే ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందును శరీరంలో పాకిన 'హెర్-2 లో' (హెర్-2 తక్కువగా ఉన్న, అంటే 1+ లేదా ఫిష్ నెగటివ్ అయిన 2+) క్యాన్సర్‌కూ అనుమతించాక ఆ తేడా మీదే మందు ఆధారపడింది. కానీ 3+ని పట్టుకోవడానికి రూపొందిన పరీక్ష ఇది. 0, 1+ల మధ్య సన్నని గీత దగ్గర ఇద్దరు పాథాలజిస్టులకు మాట కుదరదు.

బలహీనమైన లింకు కేఐ-67. 5% లోపు, 30% పైన నమ్మొచ్చు. ఆ మధ్యలో ఎవరి లెక్క వారిదే. 18% చూసి లూమినల్ ఏ (నెమ్మదిగా పెరిగే రకం) అనీ, 22% చూసి లూమినల్ బి (వేగంగా పెరిగే రకం) అనీ కీమో తేల్చేయడం సరికాదు. అసలు ఆ పేర్లు జన్యువుల పనితీరును కొలిచి పెట్టినవి, ఇక్కడ అరువు తెచ్చుకున్నాం.

రిపోర్టులో ఒట్టి 'పాజిటివ్' అని ఉంటే ఒప్పుకోకండి: శాతం, రంగు గాఢత, యాంటీబాడీ క్లోన్ (వాడిన యాంటీబాడీ రకం) పేరు, ఫార్మలిన్‌లో ఉన్న గంటలు అడగండి. రెండో అభిప్రాయానికి రంగు వేసిన స్లైడ్లు మాత్రమే పట్టుకెళ్తే చాలదు, ముక్కను పొదిగిన మైనపు బ్లాకు కూడా కావాలి.