‘బ్రౌన్ ఐడ్ గర్ల్’: కోయని ప్రతినే వినండి

తొలి ప్రేమను తలచుకునే పాట అనగానే మనకు విషాదపు బాణీ గుర్తుకు వస్తుంది. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన వాన్ మారిసన్ పాడిన ‘బ్రౌన్ ఐడ్ గర్ల్’ మాత్రం కాళ్ళను ఊరికే ఉండనివ్వని హుషారుతో మొదలవుతుంది. 1967 మార్చిలో, బర్ట్ బర్న్స్ నిర్మాతగా, న్యూయార్క్‌లో దీనిని రికార్డు చేసేనాటికి మారిసన్ వయసు 21 ఏళ్ళే. యౌవనం ఎప్పుడో చేజారిపోయినవాడిలా ఆ వయసులో వెనక్కి తిరిగి చూసి పాడటమూ, మనం ఆ గొంతును నమ్మేయడమూ నాకు నేటికీ ఆశ్చర్యమే.

పాటలో కథ పెద్దగా లేదు. వానలు కురిసిన రోజులు, పొగమంచు, జలపాతం, ట్రాన్సిస్టర్ రేడియో పట్టుకుని పాత గని వైపు వెళ్ళే ఒక జంట, అంతే. ట్రాన్సిస్టర్‌ను చెవికి ఆనించుకుని పాటలు విన్న తరం మన ఇళ్ళలోనూ ఉంది కనుక, ఆ ఒక్క వస్తువు చాలు, బెల్‌ఫాస్ట్ కుర్రాడు మనవాడైపోతాడు.

పాటకు ప్రాణం మూడో చరణం. దానికి ముందు బేస్ గిటారు ఒంటరిగా కొద్దిసేపు పలుకుతుంది. ఫోన్ స్పీకరులో అది సరిగ్గా వినబడదు, హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి. ఆ తరువాత అతడు తాను ఒంటరివాడినయ్యానని, మొన్నీమధ్య ఆమెను చూశానని, ఎంత ఎదిగిపోయిందోనని అంటాడు. చాలా ఏళ్ళకు కనబడిన పిల్లను చూసి మన పెద్దవాళ్ళు ‘ఎంతదానివైపోయావే!’ అంటారు కదా, ఆ మాటలో ఉండే మురిపెమూ, కాలం గడిచిపోయిందన్న బెంగా రెండూ ఇక్కడ వినిపిస్తాయి. వెంటనే పాత జ్ఞాపకం అతడిని ముంచెత్తుతుంది: స్టేడియం వెనక పచ్చగడ్డిలో వారిద్దరి శృంగారం.

ఆ పంక్తి కొన్ని రేడియో కేంద్రాలకు అభ్యంతరకరంగా తోచడంతో, మొదటి చరణంలోని నవ్వులూ పరుగుల పంక్తిని అక్కడ అతికించి మరో ప్రతి తయారు చేశారు. నేను చందా కట్టే ఒక సంగీత యాప్‌లో చాలాకాలం విన్నది ఈ ప్రతినే. ఆ సంగతి శీర్షికలో ఎక్కడా లేదు. అసలు పాట విన్నాక నాకు నిజంగా బాధ కలిగింది. గుండె పట్టనంత జ్ఞాపకం వస్తోందని చెప్పి, చివరకు చిన్నపిల్లల ఆటను చూపించడం వలన ఆ చరణం బలమంతా పోతుంది.

పాటల ఆదరణను లెక్కించే అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 10వ స్థానం దాకా వెళ్ళిన ఈ పాట ఎన్నో సంకలనాలలో దొరుకుతుంది. కొనేవారు ముందుగా మూడో చరణం ఒక్కసారి వినాలి. మొదట్లో విన్న పరుగుల పంక్తే అక్కడ మళ్ళీ వినబడితే, అది కోసిన ప్రతి.