ఫీజు రీయింబర్స్‌మెంట్ గీత దాటిన ఇళ్ల పిల్లలకు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ఎంతవరకు పనికొస్తుంది?

తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే ఏడాది ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు మించకూడదు. నెలకు 20 వేల జీతంతో నడిచే ఇల్లు కూడా ఆ గీత దాటేస్తుంది. ఆ ఇంటి నుంచి బీటెక్‌లోనో బీఎస్సీలోనో చేరిన పిల్లలకు కేంద్ర స్కాలర్‌షిప్‌లకు దరఖాస్తు పెట్టుకునే వెబ్‌సైట్ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ (ఎన్‌ఎస్‌పీ) నిజంగా అక్కరకొచ్చే సేవ. దరఖాస్తుకు రూపాయి ఖర్చు లేదు, డబ్బు నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. అయితే ఎక్కడ ఏం తప్పిందో ఈ పోర్టల్ గట్టిగా చెప్పదు. మనమే వెంటపడి చూసుకోవాలి.

పోర్టల్‌లో పథకాలు చాలా కనిపిస్తాయి. వీళ్లు ముందు చూడాల్సినవి రెండు. మొదటిది కేంద్ర విద్యాశాఖ పథకం పీఎం-యూఎస్‌పీ కింద నడిచే సెంట్రల్ సెక్టార్ స్కీమ్. ఇంటర్ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉండాలి. దేశం మొత్తానికి ఏటా 82 వేల కొత్త స్కాలర్‌షిప్‌లు, అందులో సగం అమ్మాయిలకు. సైన్స్, కామర్స్, ఆర్ట్స్ వాళ్లకు 3:2:1 లెక్కన పంచుతారు కాబట్టి ఎంపీసీ, బైపీసీ వాళ్ల వాటా పెద్దది. మొదటి మూడేళ్లు ఏటా 12 వేలు, బీటెక్ నాలుగో ఏడు 20 వేలు, మొత్తం 56 వేలు. కాలేజీ ఫీజుకు ఇది ఏ మూలకూ చాలదు. పుస్తకాలు, పరీక్ష ఫీజులు, బస్‌పాస్ మాత్రం గట్టెక్కుతాయి.

రెండోది సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి, అమ్మాయిలకు మాత్రమే. ఏడాదికి 50 వేలు, ఆదాయ పరిమితి 8 లక్షలు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు. మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టాలి. డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో వచ్చినవాళ్లు రెండో ఏడాదిలో చేరగానే పెట్టాలి. బీఎస్సీకి ఇది వర్తించదు. ఇంజినీరింగ్ చేరిన అమ్మాయి ఉన్న ఇల్లు మిగతా పనులు పక్కనపెట్టి ముందు దీని సంగతి చూడాలని మా గట్టి సలహా, ఎందుకంటే నాలుగేళ్లకు 2 లక్షలు చిన్న మొత్తం కాదు.

ఒక హెచ్చరిక. రాష్ట్రం నుంచి రీయింబర్స్‌మెంట్ అందుకుంటున్నవాళ్లు సెంట్రల్ సెక్టార్ స్కీమ్‌కు అనర్హులని మార్గదర్శకాల్లోనే ఉంది. అర్హత ఉంటే రీయింబర్స్‌మెంటే పట్టుకోండి. 12 వేల కోసం దాన్ని వదులుకోవద్దు.

దరఖాస్తుకు ముందు ఓటీఆర్ (ఒక్కసారి చేసుకునే రిజిస్ట్రేషన్) తీసుకోవాలి. ఆధార్‌కు లింకైన మొబైల్‌కు ఓటీపీ వస్తుంది, ఆ తర్వాత ఫోన్‌లో ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్, ఎన్‌ఎస్‌పీ ఓటీఆర్ యాప్ రెండూ వేసుకుని ముఖం చూపించాలి. అది దాటితే 14 అంకెల నంబరు వస్తుంది, చదువు అయ్యేదాకా అదే. ముఖం సరిపోలడం లేదని పదేపదే వస్తుంటే తప్పు ఫోన్‌దే కాకపోవచ్చు. పదిహేనేళ్లు నిండాక చేయించాల్సిన బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించకపోతే ఆధార్‌లో ఇంకా చిన్నప్పటి ఫొటోనే ఉంటుంది. ఆధార్ సెంటర్‌లో అప్‌డేట్ చేయించి, అది పూర్తయ్యాక మళ్లీ ప్రయత్నించండి.

మన దగ్గర ఇంకో చిక్కు ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఓటీఆర్ ఆధార్ పేరునే తీసుకుంటుంది. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే, అందుకే మెమో ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి మార్పించండి.

మంజూరైన డబ్బు చేతికి రాకపోవడానికి పెద్ద కారణం బ్యాంకు ఖాతా. పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చాం, ఆధార్ లింకైంది, ఇంకేం కావాలి అనుకుంటారు. కేవైసీకి, అంటే గుర్తింపు కోసం, ఆధార్ ఇవ్వడం వేరు. డీబీటీకి, అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా పడేందుకు, ఆధార్‌ను ఖాతాకు జోడించే సీడింగ్ చేయించడం వేరు. డబ్బు ఆధార్ నంబరును బట్టి వెళ్తుంది. ఏ ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో చూపే జాబితా ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు ఉంటుంది, చివరగా ఏది సీడ్ అయితే అదే. సిమ్ కొన్నప్పుడో యాప్ వేసుకున్నప్పుడో తెరిచిన ఖాతా దాన్ని లాగేసుకుంటే స్కాలర్‌షిప్ అక్కడ పడుతుంది. పదో తరగతిలో తెరిచిన మైనర్ ఖాతాను పద్దెనిమిది నిండాక మార్పించకపోతే అది స్తంభించి డబ్బు వెనక్కి పోతుంది. మైఆధార్ సైట్‌లో లాగినై బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే బ్యాంకు పేరు, అది యాక్టివ్‌గా ఉందా లేదా తెలుస్తుంది. వేరే బ్యాంకు కనిపిస్తే మీకు కావాల్సిన బ్రాంచికి వెళ్లి డీబీటీ కోసం ఆధార్ సీడింగ్ ఫారం అని అడిగి తీసుకుని నింపి ఇవ్వండి. వారం తర్వాత మళ్లీ చూడండి. మంజూరయ్యాక ప్రభుత్వ చెల్లింపులు చూపే పీఎఫ్‌ఎంఎస్ సైట్‌లో ట్రాక్ ఎన్‌ఎస్‌పీ పేమెంట్స్ దగ్గర డబ్బు ఎక్కడుందో కనిపిస్తుంది.

సేవ మొత్తంలో బలహీనమైన చోటు కాలేజీ వెరిఫికేషన్. ఫారం పంపగానే పని అయిపోదు. కాలేజీలో ఈ బాధ్యత చూసే నోడల్ అధికారి లాగినై ధ్రువీకరిస్తేనే అది రెండో అంచె అధికారికి వెళ్తుంది. మన కాలేజీల్లో ఆఫీసు ధ్యాసంతా రాష్ట్ర స్కాలర్‌షిప్‌ల మీదే ఉంటుంది కనుక ఎన్‌ఎస్‌పీ చూసేవారెవరో చాలాసార్లు అడిగితే గానీ తెలియదు. ఆయన కేవైసీ పూర్తికాకపోతే మీ ఫారం కదలదు. ప్రింటవుట్, ఆదాయ పత్రం, మెమోలు, బోనఫైడ్ పట్టుకుని స్వయంగా కలవండి. స్టేటస్‌లో డిఫెక్టివ్ అని ఉంటే తిరస్కరించారని కాదు, సరిచేసి మళ్లీ పంపమని. దానికీ చివరి తేదీ ఉంటుంది, అందుకే వారానికోసారైనా లాగినై చూడాలి.

రెండో ఏడాది నుంచి రెన్యువల్ మీరే పెట్టుకోవాలి, దానంతటది రాదు. సెంట్రల్ సెక్టార్‌కు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. ప్రగతికి పై ఏడాదికి ప్రమోట్ కావాలి, క్రెడిట్లు తక్కువై డిటెయిన్ అయితే స్కాలర్‌షిప్ పోతుంది.