పాత జర్మన్ స్టాంపు బొమ్మ వాడుకోవాలంటే ఏ ఆధారం మేలు?

జర్మన్ స్టాంపుల స్కాన్లు నెట్‌లో పెట్టేవాళ్లు "దీనికి కాపీరైట్ లేదు" అనడానికి మూడు ఆధారాలు చూపిస్తుంటారు. ధైర్యంగా పట్టుకోదగ్గది మూడోదే.

మొదటిది, స్టాంపు ప్రభుత్వ పత్రం అనే వాదన. జర్మన్ కాపీరైట్ చట్టం 5వ సెక్షన్ ప్రకారం చట్టాలకు, ఉత్తర్వులకు, తీర్పులకు రక్షణ లేదు. స్టాంపులనూ అదే గాటన కట్టి అందరూ ఉచితంగా వాడుకునే బొమ్మల సైటు వికీమీడియా కామన్స్‌లో ఏళ్ల తరబడి ఎక్కించారు. 2012 మార్చిలో బెర్లిన్ కోర్టు ఆ వాదన కొట్టేసింది. జర్మన్ కార్టూనిస్టు లోరియో బొమ్మలతో 2011లో వచ్చిన స్టాంపుల మీద ఆయన వారసుల దావా అది. లోరియో 2011లోనే చనిపోయారు, రక్షణ గీసినవారి మరణం తర్వాత 70 ఏళ్లు కాబట్టి ఆ బొమ్మలకు 2081 చివరిదాకా ఉంటుంది.

రెండోది, "గీసిందెవరో తెలియదు, అచ్చయి 70 ఏళ్లు దాటింది" అనడం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 1995 జూలైకి ముందు జర్మన్ చట్టం అనామక చిత్రకళకు ఈ సడలింపు ఇవ్వలేదు, ఆ తర్వాతి సవరణ పాత గడువును తగ్గించనూ లేదు. పైగా మనకు తెలియనంత మాత్రాన అది అనామకం అయిపోదు. స్టాంపుల వివరాలిచ్చే మిషెల్ కేటలాగ్ తిరగేస్తే చాలా స్టాంపులకు చిత్రకారుడి పేరు దొరుకుతుంది.

మూడోది, ఆ పేరు పట్టుకుని మరణ సంవత్సరానికి 70 కలపడం. ఆ ఏడాది డిసెంబర్ 31తో గడువు తీరుతుంది. బొమ్మకు ఫొటో ఆధారమైతే ఫొటోగ్రాఫర్‌ లెక్కా చూడాలి. 1900 నాటి జెర్మానియా స్టాంపు గీసిన పాల్ వాల్డ్రాఫ్ 1917లో పోయారు, దానితో పేచీ లేదు. నాజీ కాలంలో పలు స్టాంపులు గీసిన రిచర్డ్ క్లైన్ 1967 దాకా బతికారు. అంటే 80 ఏళ్లు దాటిన స్టాంపైనా 2037 చివరిదాకా ఆగాల్సిందే. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడేది: స్టాంపు వయసు చూస్తారు, మనిషి వయసు చూడరు. తూర్పు జర్మనీలో గడువు 50 ఏళ్లే అయినా, 1990 ఏకీకరణ తర్వాత ఆ స్టాంపులకూ 70 ఏళ్ల లెక్కే.

గడువు తీరిన స్టాంపును స్కాన్ చేసినవాళ్లకు కొత్త హక్కేమీ రాదు, 2021 నుంచి 68వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతోంది. సైటు అమెరికాలో ఉంటే మాత్రం ఇంకో లెక్క చూసుకోవాలి: 1996 జనవరి 1న జర్మనీలో రక్షణలో ఉన్న బొమ్మకు అమెరికాలో ప్రచురణ నుంచి 95 ఏళ్ల రక్షణ.